ఛాయాగ్రాహకుని భుజసంచి

కెమేరా కొనువారు దానిని గూర్చి పదిమందిని విచారింతురు. కటకముల గుణదోషములను తరచి చూతురు. నాలుగు దుకాణములలో ధరలు పోల్చుకొందురు. కాని ఆ కెమేరాను మోసికొనిపోవు సంచి మాట వచ్చునప్పటికి, అంగడివాడు చేతికిచ్చినదే చాలునని ఇంటికి తిరిగివత్తురు. దాని వలన రెండు విధముల నష్టము కలుగును. సంచి బరువై భుజము నొప్పిపెట్టగా కెమేరా బీరువాలోనే ఉండిపోవును. లేదా సంచి వెంటనే ఉన్నను, దాని పట్టీలు విప్పి మూత తెరచునంతలో తీయదలచిన దృశ్యము కాస్తా గడచిపోవును. బొమ్మలు తీయుటకై కొన్న యంత్రము బొమ్మలు తీయకుండుటకు పలుమారులు సంచియే కారణము.

ఛాయాగ్రహణమునకు మోతబరువు క్రొత్తది కాదు. 1844లో జన్మించి, సికిందరాబాదున చిత్రశాల నడిపి, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై పేరొందిన రాజా దీన్‌దయాళ్ కాలమున చిత్రములను గాజుపలకలపై తీయుచుండిరి. కొయ్యపెట్టె వంటి కెమేరా, దానిని నిలుపుటకు ముక్కాలి, పగులకుండ కాపాడవలసిన గాజుపలకల పెట్టెలు, ఇవన్నియు ఒక్క మనిషి భుజమునకు తగిన బరువు కావు. పాలమూరు పట్టణమునకు 1890లో మహబూబ్‌నగరమను పేరు వచ్చినది ఆ నిజామును బట్టియే. 1925లో జర్మనీ దేశమున లైకా కెమేరా విపణిలోనికి వచ్చెను. ఓస్కార్ బర్నాక్ రూపొందించిన ఆ చిన్న యంత్రము ఫిలిముతో పనిచేయుచు, కోటు జేబులో ఇముడునంతగా ఉండెను. ఆ తరువాత మోతబరువు ఇతరుల తలల మీదినుండి దిగి ఛాయాగ్రాహకుని భుజము మీదికి వచ్చినది. భుజసంచి సమస్యయు అప్పుడే పుట్టినది.

దానికి మంచి పరిష్కారములు పనివారి చేతినుండియే వచ్చినవి. ఇంగ్లండులో 1973లో మార్టిన్ బిల్లింగ్‌హామ్ చేపలు పట్టువారి కొరకు సంచులు కుట్టించుట ఆరంభించెను. ఛాయాగ్రాహకులు వానిని కొనుచున్నారని కొన్నియేండ్లకు తెలిసికొని, వారి అవసరములకు తగినట్లు మార్చెను. అమెరికాలో ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రికలో పనిచేసిన జిమ్ డామ్‌కీ 1970ల నడుమ, గట్టి పెట్టెలకు మారుగా మెత్తని నూలు కాన్వాసు సంచిని రూపొందించెను. మంచి సంచి పనిచేయు చోటునుండి పుట్టునని ఈ రెండు ఉదాహరణములును తెలుపుచున్నవి. కనుక నల్లగొండ, పాలమూరు సీమలలో తిరిగి బొమ్మలు తీయువారు ఇక్కడి నేలను, ఎండను, పనిని చూచి తమ సంచిని ఎన్నుకొనవలెను.

సంచిని ఎన్నుకొనుటకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. మీరు తీసికొనిపోవు వస్తువుల నన్నిటిని ఇంటిలో తక్కెడపై పెట్టి తూచుడు. కెమేరా 750 గ్రాములు, సాధారణపు జూమ్ కటకము 600, దూరదృశ్యములకు వాడు పెద్ద కటకము 1500, ఫ్లాషు దీపము 400, అదనపు బ్యాటరీలు మొదలైనవి 250 గ్రాములు అనుకొందము. ఇవి కలిసి మూడున్నర కిలోలు. మెత్తలు, గదులు, ఇత్తడి కొక్కెములు గల సంచి తానే కిలోంబావు తూగును. ఎండలో తిరుగువారికి లీటరు నీరు లేనిదే జరుగదు. అది మరియొక కిలో. మొత్తము ఆరు కిలోలకు పావుకిలో తక్కువ. ఇంత బరువును ఒక భుజమున తగిలించుకొని సూర్యోదయమునుండి మధ్యాహ్నము వరకు తిరిగినవాడు ఆ మరునాడు సంచిని ముట్టడు. పెద్ద కటకమును, ఫ్లాషును ఇంట విడిచి, వాని బదులు 200 గ్రాముల చిన్న కటకము నొకదానిని పెట్టుకొని, ఏడువందల గ్రాముల తేలికసంచి తీసికొన్నచో, నీరు గాక మొత్తము రెండున్నర కిలోలకు మించదు. ఇంట ఏమి విడువవలెనో తేల్చుకొన్న పిదపనే సంచి కొలత తేలును. పెద్దసంచి కొన్నవాడు దానిని నింపక మానడు.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయమును తలచుకొనుడు. అక్కడ గర్భగుడిలో స్తంభపు నీడ పగలంతయు నిలిచియుండుట చూపరులకు వింత. మసకవెలుతురుగల అట్టిచోట, అనుమతి ఉన్నప్పుడు బొమ్మ తీయుటకు కావలసినది తక్కువ వెలుతురులో పనిచేయు చిన్న కటకము ఒక్కటే. తక్కినదంతయు వట్టి బరువు.

రెండవ విషయము పట్టీ. బరువు మారకున్నను, దానిని మోయు పట్టీ వెడల్పును బట్టి భుజముపై ఒత్తిడి మారును. రెండు సెంటీమీటర్ల సన్నపట్టీకి బదులు ఐదు సెంటీమీటర్ల పట్టీ ఉన్నచో, అదే బరువు రెండున్నర రెట్లు ఎక్కువ చోటున పరచుకొనును. నున్నని నైలాను పట్టీ భుజముపై జారుచుండును. అది జారకుండ మనము తెలియకయే భుజమును పైకెత్తి నడతుము. మెడనొప్పి మొదలగునది అక్కడనే. నూలుతో గట్టిగా నేసిన గరుకుపట్టీ మేలు. పట్టీని ఒక భుజమున వ్రేలాడదీయక, మెడమీదుగా రెండవ ప్రక్కకు అడ్డముగా వేసికొనవలెను. నడుము ఎముకకు కొంచెము పైన, ఒంటికి ఆనుకొని సంచి నిలుచునట్లు పట్టీ పొడవు సరిచేసికొనవలెను. ఒంటికి దూరముగా ఊగు బరువు అదే తూకము గలదైనను ఎక్కువ లాగును.

ఈ సూత్రమును మన నల్లగొండ గీతకార్మికుడు ఏ పుస్తకమును చదువకయే ఎరుగును. మోకు ముస్తాదులతో తాడిచెట్టు ఎక్కునప్పుడు ఆయన తన కత్తులను నడుమునకు అంటిపెట్టుకొనును. పనిముట్టు ఊగరాదు, వెదకకయే చేతికందవలెను, రెండు చేతులును పనికి ఖాళీగా ఉండవలెను. ఛాయాగ్రాహకుని సంచికిని లక్షణములు ఇవియే.

చేతికందుట యనగా సంచి నోరు. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబాభావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరముల భూమిని దానమిచ్చుటకు లేచినప్పుడు, అచటివారికి ఆ మాట ముందుగా తెలియదు. భూదానోద్యమము ఆ నిమిషముననే పుట్టినది. అంతటి ఘట్టము మన కంట పడకపోవచ్చును గాని, పెండ్లిలో తండ్రి కంట నీరు తిరుగుటయైనను, తొలకరికి రైతు ఆకాశమువైపు చూచుటయైనను, ముందుగా చెప్పి రావు. కనుక మూత ఒక్క చేతితో తెరచుకొనవలెను. దాని తెరపు ఒంటివైపు కాక వెలుపలివైపునకు ఉన్నచో సంచి లోపలి భాగము మన కన్నులకు చక్కగా కనిపించును. కెమేరాను కటకము తగిలించియే, క్రిందుముఖముగా పెట్టుకొనవలెను. లోపల మూడు గదులు చాలును. పది గదులున్న సంచిలో వస్తువు ఉన్నదను ధైర్యమే గాని దొరకునను నమ్మకము లేదు.

పోచంపల్లి మాట వచ్చినది గనుక మరియొక సంగతి చెప్పవలెను. చిటికి కట్టి రంగులద్దిన నూలును మగ్గమునకు ఎక్కించిన చేనేత ఇంట నడచుటకు చోటు తక్కువ. అట్టిచోట ఊగు సంచి కొక్కెము పడుగుదారములకు తగిలినచో, ఒక కుటుంబము రోజులతరబడి చేసిన శ్రమకు నష్టము కలుగును. గద్వాల, నారాయణపేట నేతగాండ్ర ఇండ్లలోను ఇదియే జాగ్రత్త వలయును. వెలుపల పొడుచుకొనివచ్చు కొక్కెములు లేని సంచిని ఎన్నుకొనుటయు, ఇంటిలో అడుగుపెట్టునపుడు దానిని ముందునకు త్రిప్పి చేతితో పట్టుకొనుటయు మర్యాద. కిక్కిరిసిన బస్సులోను ఇట్లే చేసినచో దొంగలనుండియు రక్ష.

ఇక సంచి బట్ట. ఈ సీమలో ఎండ దుమ్ము రెండును శత్రువులు. వాన కొద్దిరోజుల శత్రువు. నల్లనిసంచి ఎండను పీల్చుకొనును. బూడిదరంగు, ఇసుకరంగు మేలు. మైనము పట్టించిన కాన్వాసు వానకు మంచిదేకాని, మే నెల ఎండలో మెత్తబడి బట్టలకు అంటుకొనవచ్చును. దట్టముగా నేసిన నూలు కాన్వాసు, మూతకు రెండు వైపుల చెవులవలె మడతలు, వాననాటికి వేరుగా ఒక ప్లాస్టిక్ ముసుగు ఉన్నచో చాలును. జిప్పు పండ్లలో దుమ్ము చేరి పట్టివేయును గాన, జిప్పుపైన మూత కప్పియుండవలెను. సంచి అడుగున మెత్త కావలసినవారు పాత గొంగడి ముక్కను నూలుబట్టలో కుట్టి పరచుకొనవచ్చును. దక్కను గొఱ్ఱెల ఉన్నితో నేసిన ఆ కంబళి ఎండకును, చలికిని, వానకును గొల్లకురుమలను కాచినది. కటకమును అదటునుండి కాపాడలేకపోదు. నూలు తొడుగు లేనిచో ఉన్నిపోగులు అద్దమునకు అంటును.

ఎంత మంచి సంచియైనను ఎండలో నిలిపిన కారులో విడువరాదు. మూసిన కారులోని గాలి బయటి వేడిని చాల మించును. లిథియము బ్యాటరీల ఆయువు తగ్గును.

భుజసంచి తగని చోట్లును కలవు. ఏకశిలపై నిలిచిన భువనగిరి కోట ఎక్కునప్పుడు వంగిన ప్రతిసారి అది ముందునకు జారి కాళ్లకు అడ్డుపడును. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2016నుండి నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన నల్లమల అడవిలో మల్లెలతీర్థము జలపాతమును చేర వందలకొలది మెట్లు దిగి, మరల అన్నియు ఎక్కవలెను. అట్టి ప్రయాణములకు రెండు భుజములపై బరువును సమముగా పంచు వీపుసంచియే తగినది. పిల్లలమఱ్ఱి నీడలోను, సంతలోను, జాతరలోను, పెండ్లిపందిటిలోను భుజసంచికి సాటి లేదు. రెండింటి పనియు ఒక్కటే చేయునని అమ్మువాని మాట నమ్మవలదు.

ఇల్లు చేరిన పిదప సంచియే పెట్టెయని తలచి కెమేరాను నెలలతరబడి దానిలో మూసి ఉంచువారు కలరు. వానకాలమున తోలును, మెత్తలును తేమను పట్టియుంచును. ఆ చీకటిలో కటకముపై బూజు సాలెగూడువలె అల్లుకొనును. అది అద్దముపై పూతను తినివేసినచో తుడిచినను మచ్చ పోదు. సంచిని దులిపి గాలికి ఆరవేయుడు. కెమేరాను బిగుతుమూత గల డబ్బాలో తేమను పీల్చు సిలికా గుళికలతో ఉంచుడు. గుళికల రంగు మారినప్పుడు వేడిచేసి మరల వాడుకొనవచ్చును.

తుదకు దుకాణమునకు పోవునపుడు మీ కెమేరాను, కటకములను వెంట గొనిపోవుడు. ఖాళీసంచి ఏదియైనను తేలికగనే ఉండును. సామగ్రి నింపి, తగిలించుకొని, పావుగంట నడువుడు. మెట్లుండిన ఎక్కి దిగుడు. చెప్పులు తొడుగుకొనుటకు వంగినట్లు వంగుడు. కన్నులు మూసికొని కెమేరాను తీసి, తిరిగి పెట్టి చూడుడు. ఈ పరీక్షలో నెగ్గిన సంచి ధర తక్కువదైనను కొనదగినది. నెగ్గనిది ఎంత పేరు గలదైనను విడువదగినది. సంచి భుజముపై ఉన్నదను తలంపే లేక తిరిగిననాడు చూపు దృశ్యము మీద నిలుచును. ఛాయాగ్రాహకునకు కావలసినది అదియే.