మిరప కల్లంలో దగ్గు.. ఘాటు వల్లేనా?

భద్రాచలం: సంక్రాంతి దాటిందంటే చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో మిరప కోతలు ఊపందుకుంటాయి. ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు పిల్లాపాపలతో సరిహద్దు దాటి వచ్చి చేల పక్కనే గుడిసెలు వేసుకుంటారు. పగలంతా కోత, ఆపై కల్లంలో తాలు ఏరివేత. అక్కడ దగ్గని మనిషి అరుదు. ‘ఘాటుకు దగ్గు రాదా మరి’ అని అందరూ సరిపెట్టుకుంటారు. ఆ మాట చాలావరకు నిజమే. నిజం కాని సందర్భంలోనే ప్రమాదం పొంచి ఉంది.

దగ్గు దానంతట అది జబ్బు కాదు, శరీరం పెట్టుకున్న కాపలా. స్వరపేటిక, శ్వాసనాళాల లోపలి పొరలో సున్నితమైన నాడుల కొసలు ఉంటాయి. ధూళి, పొగ, తెమడ, పొరబోయిన మెతుకు.. ఏది తగిలినా అవి వేగస్ నాడి ద్వారా మెదడు కింది భాగానికి కబురు పంపుతాయి. వెంటనే మనిషి గాలి గట్టిగా పీల్చుకుంటాడు. స్వరపేటిక మూసుకుపోతుంది. ఛాతీ, పొట్ట కండరాలు బిగుసుకుని లోపలి గాలిని నొక్కుతాయి. మరుక్షణం స్వరపేటిక తెరుచుకోగా గాలి ఒక్కసారిగా ఎగదన్ని, అడ్డుపడిన దాన్ని బయటకు నెడుతుంది.

మిరపలోని క్యాప్సైసిన్ ఆ నాడుల కొసల మీద వేడిని పసిగట్టే గ్రాహకాలను నేరుగా తట్టి లేపుతుంది. ఈ గ్రాహకాన్ని గుర్తించిన అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021 వైద్య నోబెల్‌లో వాటా దక్కింది. పరిశోధనశాలల్లో దగ్గు తెప్పించి పరీక్షించేందుకూ ఈ పదార్థాన్నే పీల్పిస్తారు. కల్లంలో పనిచేసే కూలీకి అదే పరీక్ష రోజంతా జరుగుతున్నట్టే. ముక్కుకు, నోటికి తడిగుడ్డ కట్టుకుంటే కొంత ఊరట.

అయితే ఘాటు వల్ల వచ్చిన దగ్గు కల్లానికి దూరమైతే తగ్గుముఖం పడుతుంది. రెండు వారాలు దాటినా వదలకపోతే, సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, చిక్కిపోవడం, తెమడలో నెత్తుటి జీర తోడైతే క్షయగా అనుమానించాల్సిందే. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో తెమడ పరీక్ష, మందులు ఉచితం.

పొయ్యి పొగ, చుట్ట పొగ

గూడేల్లో మరో కారణం కట్టెల పొయ్యి. కిటికీ లేని గుడిసెలో తడి కట్టెలు రాజేస్తే ఆ పొగ వంట చేసే ఆడవారి ఊపిరితిత్తుల్లోకి, వారి చంకలోని బిడ్డ ఛాతీలోకి చేరుతుంది. ఏళ్ల తరబడి పీలిస్తే శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకైపోతాయి. చుట్ట, బీడీ తాగేవారిదీ ఇదే గతి. ఉబ్బసం, ముక్కు నుంచి గొంతులోకి జారే చీమిడి, కడుపులోంచి ఎగదన్నే పులుపు కూడా దగ్గు తెప్పిస్తాయి. రక్తపోటుకు వాడే ఎనలాప్రిల్ వంటి మాత్రలతో కొందరిని పొడిదగ్గు వేధిస్తుంది. అలాగని మాత్ర సొంతంగా మానేయరాదు, డాక్టరుకు చెబితే మార్చి ఇస్తారు.

పసిపిల్లల విషయంలో ఉపేక్ష పనికిరాదు. దగ్గుతో పాటు ఊపిరి వేగం పెరిగితే న్యుమోనియా కావచ్చు. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40, లేదా అంతకు మించి శ్వాసలు పడితే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. డొక్కలు ఎగరేస్తుంటే లెక్కపెట్టే దాకా కూడా ఆగరాదు. దుకాణంలో అడిగి తెచ్చిన దగ్గు సిరప్ పోయడం అన్నిటికన్నా ప్రమాదకరం. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో కల్తీ సిరప్ తాగి ఇరవై మందికి పైగా చిన్నారులు మూత్రపిండాలు చెడి చనిపోయారు. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది.

సరిహద్దు కూలీల కష్టం వేరు. కోతలు కొన్ని నెలల్లో ముగుస్తాయి. సాధారణ క్షయకు చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు. కొద్ది వారాలకే దగ్గు తగ్గి ఒంట్లో సత్తువ వస్తుంది. జబ్బు నయమైందనుకుని మందు వదిలి ఊరికి బయలుదేరేది అప్పుడే. మిగిలిన క్రిములు మందులకు లొంగని రకంగా మారితే చికిత్స కఠినమవుతుంది, ఇంట్లోవారికీ ఆ మొండి క్షయే అంటుకుంటుంది. పేరు నమోదు చేసినప్పుడు ఇచ్చే నిక్షయ్ నంబరు దేశమంతటా చెల్లుతుంది. ఊరెళ్లే ముందు ఆరోగ్య కేంద్రంలో చెబితే, సొంతూరికి దగ్గరి కేంద్రానికి చికిత్స బదిలీ చేస్తారు. పోషకాహారానికి నెలకు ఇచ్చే 500 రూపాయలను కేంద్రం 2024 నవంబరు నుంచి 1,000కి పెంచింది. ఆ సొమ్ము బ్యాంకు ఖాతాలోనే పడుతుంది కనుక, ఖాతా లేని కూలీలు కోతలు ముగియకముందే తెరిపించుకోవాలి.