ఆలేరు నేల కింద నీళ్ళు: అపోహలు – వాస్తవాలు

ఆలేరు చుట్టుపక్కల పల్లెల్లో ఒక్క వానకాలం తప్పితే చాలు, యాసంగికి బోర్లు వట్టిపోతాయి. బోరుబండ్లు దిగుతాయి, అప్పులు పెరుగుతాయి. ఇలాంటి గ్రానైటు నేల కింద నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో, ఎంత నిలుస్తాయో తేల్చడానికి హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రాన్స్ భూగర్భ సర్వే సంస్థ బీఆర్‌జీఎం కలిసి 1999లో ఉమ్మడి పరిశోధన కేంద్రం పెట్టాయి. హైదరాబాదుకు దక్షిణాన మహేశ్వరంలో, మన జిల్లాలోనే ఉన్న చౌటుప్పల్‌లో ఏళ్ళ తరబడి నీళ్ళను కొలిచాయి. ఆ కొలతల్లో తేలినవి బోరు వేసే రైతుకు తెలియాలి. తెలియకపోతే అపోహలే మన డబ్బును బండలో పోయిస్తాయి.

అపోహ 1: ఎంత లోతుకు వేస్తే అన్ని నీళ్ళు.

వాస్తవం: మన నేలలో పైన కొన్ని మీటర్ల మేర మెత్తబడిన రాయి, మొరం ఉంటాయి. దాని కింద నెర్రెలిచ్చిన రాయి. ఆ కింద గట్టిబండ. నీళ్ళను నిలిపేది పై రెండు పొరలే. మహేశ్వరంలో నీళ్ళు పారే నెర్రెలు దాదాపుగా 40 మీటర్ల లోపే, అంటే సుమారు 130 అడుగుల లోపే కనిపించాయి. అంతకన్నా లోతున ఎక్కడో ఒక నెర్రె తగలొచ్చు, కొన్నాళ్ళు నీళ్ళు పోయొచ్చు. దాన్ని మళ్ళీ నింపే ఊట లేకపోతే అదీ వట్టిపోతుంది. పక్క బోరు 500 అడుగులకు ఎండితే మనం 700కు పోవడం పరిష్కారం కాదు.

అపోహ 2: నా పొలంలో నా బోరు, ఆ నీళ్ళు నావే.

వాస్తవం: నీటిమట్టం పైన ఉన్నంతకాలం నీళ్ళు మొరం, నెర్రెల గుండా ఊరంతటికీ కలిసే ఉంటాయని చౌటుప్పల్ పరిశోధనలో తేలింది. మట్టం బాగా పడిపోతే ఆ కలయిక తెగి, ఎక్కడి నీళ్ళు అక్కడే చిక్కుకుపోతాయి. అప్పుడు ఒక బోరు పోస్తుంది, పది గజాల్లో ఇంకోటి పోయదు. పైగా ఉన్న నీళ్ళే తక్కువ. మహేశ్వరం లెక్క ప్రకారం రాయి పరిమాణంలో మనకు దక్కే నీళ్ళు 1.4 శాతమే. అంటే నీటిమట్టం ఒక మీటరు దిగితే వచ్చేది పొలం మీద 14 మిల్లీమీటర్ల నీళ్ళు. వరికి ఒక పంటకాలంలో 1,000 మిల్లీమీటర్లకు పైగా కావాలి. అందులో దాదాపు సగం తిరిగి భూమిలోకే ఇంకుతుందని అదే పరిశోధన చెప్పింది. మిగతా సగానికి కూడా ఈ నేల ఎన్నో ఏళ్ళు తట్టుకోలేదు.

అపోహ 3: ఊటకుంట తవ్వితే ఊరి బోర్లన్నీ నిండుతాయి.

వాస్తవం: కుంటలు కావాలి, పూడిక తీయాలి. కానీ కుంటలో నిలిచిన నీళ్ళలో కొంత భాగం ఎండకు ఆవిరైపోతుంది. ఇంకిన నీళ్ళ మేలు ముఖ్యంగా దగ్గరి బోర్లకే అందుతుంది. కుంట నిండిందని ఆ పక్కనే వరి పెంచితే, ఇంకిన నీళ్ళు ఆ యాసంగిలోనే తోడేసినట్టు. తోడడం తగ్గకుండా కుంట ఒక్కటే ఊరిని కాపాడలేదు.

అపోహ 4: నీళ్ళు మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుంది.

వాస్తవం: పోదు. ఆవిరయ్యేది నీరే గనుక మిగిలిన నీళ్ళలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఇది మన గ్రానైటులోని ఖనిజాల నుంచి నీళ్ళలోకి కరిగేది. వరి మడుల్లో నీళ్ళు ఆవిరై, మిగిలినవి మళ్ళీ భూమిలోకి దిగి, వాటినే తిరిగి తోడుతూ పోతే ఫ్లోరైడ్ పెరుగుతుందని మహేశ్వరంలో ఇండో-ఫ్రెంచ్ బృందం లెక్కగట్టింది. అంటే అతిగా తోడడం నీటి కొరతతో ఆగదు, తాగే నీటినీ చెరుపుతుంది. తాగడానికి లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. బోరు నీళ్ళు తాగే ఇంట్లో ముందు పరీక్ష చేయించాలి.

అపోహ 5: విదేశీ శాస్త్రవేత్తల పరిశోధన మన రైతుకు అక్కరకు రాదు.

వాస్తవం: ఈ పరిశోధన జరిగిందే మన బండలో. చౌటుప్పల్‌లో ఇరవైకి పైగా పరిశోధన బోర్లున్నాయి. ఫ్రాన్స్‌లోని గ్రానైటు నేల ప్లోమర్‌తో పాటు చౌటుప్పల్ కూడా ఒకే పరిశోధన కేంద్రాల వరసలో ఉంది. ఇక్కడ తేలిన సంగతులు ఇలాంటి గట్టిరాతి నేలలున్న ఆఫ్రికా దేశాలకూ పనికొస్తాయి.

రైతులే కొలిచిన పాఠమూ మన దగ్గరుంది. నెదర్లాండ్స్ సాయంతో, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతుల భూగర్భజల పథకం నడిచింది. వాటిలో నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉన్నాయి. రైతులు, మహిళలతో సహా, వానను కొలిచారు, బోర్లలో నీటిమట్టం రాసుకున్నారు. యాసంగికి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీళ్ళెన్ని, వేయదలచిన పంటలకు కావలసినవెన్ని అని లెక్కగట్టారు. ఏ పంట వేయాలో ఎవరూ ఆజ్ఞాపించలేదు. లెక్క చూసి ఎవరికి వారే నిర్ణయించుకున్నారు.

ఆలేరు మండలంలో ఏ ఊరైనా ఈ పని మొదలుపెట్టవచ్చు. ఒక వానమాపకం, రెండు మూడు గుర్తుపెట్టిన బోర్లు, నీటిమట్టం కొలిచే టేపు, ఒక పుస్తకం చాలు. దసరా దాటాక గ్రామసభలో ఆ లెక్క చదివి, ఎన్నెకరాలు వరి, ఎన్నెకరాలు ఆరుతడి అని మాట్లాడుకోవాలి. కొత్త బోరుకు అప్పు తెచ్చే ముందు జరగాల్సిన మాట అది.