ఇంజనులో బిగిసిన మర, విరిగిన బోల్టు: తీయు విధానము

1985లో హీరో హోండా సీడీ 100, 1994లో స్ప్లెండరు వెలువడిన పిదప మన పల్లెలలో మోటారుసైకిలు వాడుక క్రమముగా విస్తరించినది. పాలక్యాను కేంద్రమునకు, ఎరువుబస్తా పొలమునకు, రోగి ఆసుపత్రికి చేరుట నేడు పెక్కుచోట్ల ఆ బండిమీదనే. అట్టి బండి ఒక చిన్న బోల్టు విరిగినంతమాత్రమున మూలబడుట, దానిని తీయబోయి సిలిండరు హెడ్డే పాడగుట మనము చూచుచున్నదే. బోల్టు వెల కొలది రూపాయలు; హెడ్డు వెల వేల రూపాయలు. ఈ నష్టము చాలవరకు తప్పించుకొనదగినది. పంచాయతీ సభ్యులు ఇందలి విషయము నెరిగియున్నచో ఊరి మెకానిక్కులకు, బండి గల రైతులకు తగిన సలహా నీయగలరు. అందులకై దీనిని ఇచట వివరించుచున్నాము.

బిగిసిపోవుట ఏల?

ఈ బండ్ల ఇంజను పెట్టె, సిలిండరు హెడ్డు అల్యూమినియముతో పోతపోసినవి. వానియందు బిగించు బోల్టులు ఉక్కువి. ఈ రెండు లోహముల నడుమ వాననీరు, బురద చేరినచో అల్యూమినియము క్షయించి తెల్లని పొడిగా మారును. ఆ పొడి మరచుట్ల సందులలో నిండి బోల్టును పట్టివేయును. పొగగొట్టమును హెడ్డునకు బిగించు స్టడ్డులు వేడికి, తేమకు ఎల్లప్పుడు లోనగుటచే త్వరగా తుప్పుపట్టును.

అతిగా బిగించుట మరియొక కారణము. ఇంజను కవర్ల బోల్టులు చాలవరకు 6 మిల్లీమీటర్లవి. వానికి సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలును. అనగా 20 సెంటీమీటర్ల పానా చివర 5 కిలోల బరువు వ్రేలాడదీసినంత మాత్రమే. బలము కొలది బిగించిన బోల్టు ఆనాడు విరుగకున్నను విప్పునాడు విరుగును.

విప్పు విధానము

మొదట తీగె కుంచెతో తుప్పును, మట్టిని తొలగింపవలెను. పిదప తుప్పు వదలించు నూనెను మరల మొదట వేసి ఒక రాత్రి ఊరనీయవలెను. ఉదయమున బోల్టు తలపై సుత్తితో నెమ్మదిగా తట్టినచో ఆ అదురునకు పట్టు సడలి నూనె లోనికి దిగును. ఇంజనులోని కొన్ని నట్లకు ఎడమ మర ఉండును గాన, ఏవైపు త్రిప్పవలెనో ముందే తెలిసికొనవలెను. పానా తలపై సరిగా కూర్చున్నదై యుండవలెను. బోల్టును ముందు కొంచెము బిగించి, తరువాత వదలించి, ఇట్లు ముందువెనుకలుగా త్రిప్పుట మేలు.

అప్పటికిని కదలనిచో వేడి ఉపకరించును. ఒకే వేడికి అల్యూమినియము ఉక్కుకంటె ఇంచుమించు రెండింతలు వ్యాకోచించును. కావున బోల్టును గాక, దాని చుట్టునున్న అల్యూమినియమును నీటిచుక్క చుర్రుమను వరకు వేడిచేయవలెను. అయితే పెట్రోలు ట్యాంకును విప్పి దూరముగ నుంచక, వేసిన నూనెను తుడువక మంటను దగ్గరకు తేరాదు. రబ్బరు సీళ్లకు మంట తగులనీయరాదు.

స్పార్కు ప్లగ్గు విషయము వేరు. దానిని ఇంజను పూర్తిగా చల్లారిన పిదపనే విప్పవలెను.

విరిగిన పిదప

విరిగిన ముక్క పైకి కనబడుచున్నచో దానిని పట్టుకారుతో గట్టిగా పట్టి త్రిప్పవచ్చును. అందులకు లొంగనిచో దానిపై ఒక నట్టు నుంచి వెల్డింగు చేయించి, ఆ నట్టును త్రిప్పవలెను. వెల్డింగునకు ముందు బ్యాటరీ తీగెలను ఊడదీయవలెను.

ముక్క లోననే యున్నచో సరిగా నడుమ పంచితో గుర్తుపెట్టుట ముఖ్యము. గుర్తు ప్రక్కకు జరిగినచో డ్రిల్లు మెత్తని అల్యూమినియములోనికి జారి మరను పాడుచేయును. 6 మిల్లీమీటర్ల బోల్టునకు ముందు 3 మిల్లీమీటర్ల రంధ్రము చేయవలెను. ఎడమవైపు త్రిరుగు డ్రిల్లు దొరికినచో ముక్క దానంతటదియే బయటికి వచ్చుటయు కలదు. తరువాత ఎక్స్‌ట్రాక్టరును దింపి నెమ్మదిగా త్రిప్పవలెను. ఇచట బలప్రయోగము తగదు. ఎక్స్‌ట్రాక్టరు గట్టి ఉక్కుతో చేసినది. అది లోపల విరిగినచో సామాన్యమైన డ్రిల్లు దానిని కోయజాలదు. అట్టి సందేహము కలిగిన క్షణముననే ఆగి, పట్టణమందలి లేతు పనివానికి చూపుట లాభము.

మరచుట్లు పాడైనను హెడ్డును పారవేయ నవసరము లేదు. రంధ్రమును సుమారు 6.3 మిల్లీమీటర్లకు పెంచి, హెలికాయిలు ట్యాపుతో క్రొత్త మర కోసి, ఉక్కుతీగె చుట్టను అందు దింపినచో పాత కొలత బోల్టే మరల పట్టును. ఆ మర మునుపటి అల్యూమినియము మరకంటె గట్టిది.

మన కర్తవ్యము

ఈ పనికి వలయు ట్యాపులు, ఎక్స్‌ట్రాక్టర్లు ప్రతి షాపువాడును కొననక్కరలేదు. ఊరి మెకానిక్కులు కలిసి ఒక పెట్టెను సమకూర్చుకొనునట్లు సభ్యులు ప్రోత్సహింపవచ్చును. డ్రిల్లు పట్టువారు కంటి అద్దములు ధరించునట్లును, తీసిన పాత ఆయిలును మురుగుకాలువలో పోయకుండునట్లును చూడవలెను. బండి గలవారు సైతము పొగగొట్టపు నట్లను ఏడాది కొకమారు వదలించి, శుభ్రపరచి, వేడిని తాళు గ్రీజు పూసి బిగింపించుకొన్నచో, విరుగుట యనునది చాలవరకు రాదు.