చారిత్రక కట్టడములు – కంప్యూటర్ నమూనాలు

పురాతన కట్టడము శిథిలమైనప్పుడు రాళ్లు మాత్రమే పోవు. వాటిని పేర్చినవారి విద్య కూడ పోవును. కనుక రక్షణకు మొదటి మెట్టు కట్టడమును సమగ్రముగా కొలిచి, ఆ కొలతలను అర్థవంతముగా భద్రపరచుట. నేడు కంప్యూటర్ సహాయమున జరుగుచున్న ఈ కృషిని సంగ్రహముగా పరిశీలింతము.

లేజర్ యంత్రము గోడపైకి కాంతికిరణమును పంపును. అది తిరిగివచ్చుటకు పట్టిన కాలమును బట్టి దూరమును, కిరణము పోయిన దిశను బట్టి గోడపై ఆ బిందువు స్థానమును తెలియును. ఇట్టి బిందువులు కోట్ల కొలది చేరగా కట్టడపు ఆకృతి తెరపై నిలుచును.

అయితే తాము గోడకు చెందినవో, స్తంభమునకు చెందినవో ఆ బిందువులకు తెలియదు. కనుక వాటి ఆధారమున స్తంభము, కమాను, గుమ్మటము మున్నగు భాగములను నిపుణులు విడివిడిగా రూపొందింతురు. ప్రతి భాగమునకు దాని పదార్థము, నిర్మాణకాలము, మరమ్మతులు, బీటలు మొదలగు వివరములను జతపరతురు. ఇదియే సమాచార నమూనా. 2009లో డబ్లిన్ నగరమున మారిస్ మర్ఫీ, ఆయన సహచరులు చారిత్రక కట్టడములకు ఈ పద్ధతిని ప్రతిపాదించినప్పుడు, పద్దెనిమిదవ శతాబ్దపు వాస్తుగ్రంథములను కూడ ఆశ్రయించిరి. కొలతకు పాండిత్యము తోడుకావలెనని దీని భావము.

ఇందొక చిక్కు కలదు. పాతగోడలు ఒరిగియుండును, కంప్యూటర్ వాటిని తిన్నగా గీయుటకే మొగ్గుచూపును. ఆ ఒరుగుటయే పునాది కుంగినదనుటకు సాక్ష్యము కావచ్చును. అందుచే కొలిచినదేదో, ఊహించినదేదో నమూనాలో స్పష్టముగా వేరుపరచవలెను.

పారిస్ నగరములోని నోత్రదామ్ చర్చి నిర్మాణము 1163లో మొదలైనది. 2010లో ఆండ్రూ టాలన్ అను అమెరికన్ కళాచరిత్రకారుడు దానిని యాభైకి పైగా స్థానముల నుండి కొలిచి, నూరు కోట్లకు మించిన బిందువులను సేకరించెను. ఆయన 2018లో మరణించెను. 2019 ఏప్రిల్ 15న చర్చి కొయ్య పైకప్పు, శిఖరము అగ్నికి ఆహుతియయ్యెను. పునర్నిర్మాణమునకు ఆ కొలతలు ఒక ఆధారమైనవి. 2024 డిసెంబరులో చర్చి తిరిగి తెరువబడెను. కాలిన పిమ్మట పైకప్పును కొలువలేము గదా!

మన హైదరాబాదున 2019 మే నెలలో చార్మినారు మినారుపై గచ్చుపని కొంత రాలిపడినది. అంతటి ప్రఖ్యాత కట్టడమునకే ఇట్టి ఆపద కలిగినచో, పేరులేని పల్లెమసీదుల, కోటగుమ్మముల, దిగుడుబావుల గతియేమి?

గోల్కొండ సమీపమున కుతుబ్ షాహీ సమాధులపై అరబ్బీ, పారశీక శాసనములు కలవు. లేజర్ వాటిని కొలువగలదు గాని చదువలేదు. ఆ లిపులు నేర్చిన విద్యార్థి చదివినగాని నమూనా పూర్తికాదు. గచ్చుపని మేస్త్రీల నోట నిలిచిన మాటలను సేకరించుటకు తెలుగు, ఉర్దూ రెండును ఎరిగినవారు కావలెను. ఇది యంత్రము ఖరీదుతో లభించు విద్య కాదు.

విద్యార్థులు తమ ఊరి పాతకట్టడమునొకదానిని కొలతటేపుతో కొలిచి, ఛాయాచిత్రములు తీసి, పెద్దలు చెప్పు వృత్తాంతమును తేదీతో వ్రాయవచ్చును. కళాశాల కమిటీవారు ఆ పత్రములకు గ్రంథాలయమున ఒక బీరువా కేటాయించినచో, రేపటి నమూనాకు నేడే పునాది పడునని మేము విశ్వసించుచున్నాము.