పెంకుటింటికి చలికాలమే అదను



వానాకాలం వచ్చిందంటే మన సొసైటీకి అందే అర్జీల్లో ఇంటి కప్పు మాటే ఎక్కువ. "ఇల్లు కురుస్తోంది, ఒక టార్పాలిన్ ఇప్పించండి" అంటారు. ఇస్తాం. మరుసటి ఏడు అదే ఇంటి నుంచి అదే అర్జీ వస్తుంది. ఒక ఖాలా ఇంటికి ఇలా వరుసగా మూడేళ్ళు పట్టా ఇచ్చాం. నాలుగో ఏడు పడమటి గోడ కూలింది. ఆ రాత్రి ఆమె పక్కింట్లో పడుకోబట్టి ప్రాణం దక్కింది. చలికాలంలో ఒక్క రోజు పని చేయించి ఉంటే ఆ గోడ నిలిచేదని మేస్త్రి చెప్పాడు. ఆ మాటే మీ ముందు పెడుతున్నాం.

మధిరలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ పాత ఇళ్ళ మీద రెండు రకాల పెంకులు కనబడతాయి. ఒకటి కుమ్మరి చేసిన గూన పెంకు. ఒక వరుస వెల్లకిలా, దాని మీద ఒక వరుస బోర్లా పేరుస్తారు. రెండోది బెంగుళూరు పెంకు. పేరు అలా పడింది గానీ అది పుట్టింది మంగుళూరులో; బాసెల్ మిషన్ వారు 1865లో అక్కడ పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. ఈ పెంకు వెనుక ఉన్న కొక్కెం రీపరుకు తగులుకుంటుంది. అంచున ఉన్న గాడి పక్క పెంకుతో కలుస్తుంది.

చిక్కంతా ఆ గాడిలోనే. దుమ్ము, ఎండుటాకులు అందులో చేరతాయి. వానలకు వాటి మీద పాచి పడుతుంది. నీడ పడే వైపు మరీ ఎక్కువ. దారి మూసుకుపోయిన నీరు గాడి దాటి లోపలికి దిగుతుంది. రీపరు నాని పుచ్చుతుంది, చెద పడుతుంది. రీపరు కుంగితే పెంకు జారుతుంది. కింద ఉన్నది మట్టిగోడ అయితే నీరు గోడ తలలోకి దిగి లోలోపలే మెత్తబరుస్తుంది. పైన పట్టా కప్పినా లోపలి పుచ్చు ఆగదు.

మరి చలికాలమే ఎందుకు? వానలు వెనకబడ్డాక డిసెంబరు, జనవరిలో పాచి ఎండి పెళుసవుతుంది; గీకితే పొరలుగా ఊడి వస్తుంది. వానల్లో అదే పాచి మీద కాలు నిలవదు. మే నెలలో పెంకు మీద కాలే మోపలేం. ఇక మన దగ్గర మిరప కోతలు ముమ్మరమైతే కూలీలు దొరకరు.

అయితే చలికాలానికీ ఒక ప్రమాదం ఉంది, అది మంచు. మొదటిసారి మేమే తొందరపడి పొద్దున ఏడింటికే మనిషిని ఎక్కించాం. కాలు జారి చూరు దాకా వచ్చాడు. నడుముకు తాడు ఉండబట్టి ఆగాడు. "సాయిబుగారూ, మంచు ఆరనివ్వండి, పని ఎక్కడికీ పోదు" అన్నాడు మేస్త్రి. అప్పటి నుంచి బాగా ఎండ వచ్చి పెంకు ఆరాకే నిచ్చెన వేస్తున్నాం.

పని చేసే వరుస ఇది. ముందురోజు మధ్యాహ్నం తలుపులు మూసి లోపల నిలబడి పైకి చూడాలి. వెలుగు చుక్కలు కనబడిన చోటల్లా రీపరు మీద సుద్దతో గుర్తు పెట్టాలి. మర్నాడు సర్వీసు వైరుకు కరెంటు ఆపించాలి. పైకెక్కే మనిషి నడుముకు తాడు కట్టి గట్టి దూలానికి ముడివేయాలి. పెంకు నడిమధ్యన అడుగు వేయకూడదు. వాసాల మీదుగా పలక పరిచి దాని మీద నడవాలి. కొప్పు నుంచి చూరు వైపు ఊడ్చుకుంటూ రావాలి. పాచిని వెదురుబద్దతో, కొబ్బరిపీచుతో పొడిగానే గీకాలి. నీళ్ళు కొడితే ఆ చలికి త్వరగా ఆరవు, జారుడు మిగులుతుంది. యాసిడ్ పోస్తే పెంకు పాడవుతుంది. అనుమానం ఉన్న పెంకును వేలితో కొట్టి చూడాలి: ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే పగిలింది. పగిలినవి, పుచ్చిన రీపర్లు మార్చి, కొప్పు పగుళ్ళు పూడిస్తే పని ముగిసినట్టే. పెంకుల కింద తేళ్ళుంటాయి, చేయి పెట్టే ముందు కర్రతో కదపాలి. వేపాకు రాలిపోయాక, మృగశిర కార్తె లోపు మరోసారి చీపురు పట్టిస్తే చాలు.

ఇప్పుడు డబ్బు సంగతి. మన విరాళాలు ఎక్కువగా రంజాన్‌లో వస్తాయి. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. కప్పు పని మాత్రం డిసెంబరులోనే ఉంటుంది. కాబట్టి ఈ పనికి సదఖా సొమ్ము కొంత విడిగా ఉంచమని కోరుతున్నాం. జకాత్ అయితే అర్హులైన ఇంటివారి చేతికే ఇచ్చి, పని వారి చేతనే చేయిస్తాం.

2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మం కాలనీలు మునిగినప్పుడు ఎందరో ఆదుకున్నారు. వరద అందరికీ కనబడింది. జారిన ఒక్క పెంకు ఎవరికీ కనబడదు. ఆ ఇంట్లో ఒంటరిగా ఉన్న ముసలమ్మ ఎవరినీ అడగదు. మీ వీధిలో అలాంటి ఇల్లుంటే నవంబరు లోపు మాకు చెప్పండి. మంచు ఆరగానే నిచ్చెన వేయిస్తాం, ఇన్షా అల్లాహ్.