శత్రువు పోలికతో టీకా మందు

కొందరికి వంకాయ పడదు. కొందరికి దుమ్ము పడదు. వయ్యారిభామ మొక్క తగిలినచో కొందరికి ఒడలెల్ల దద్దురులు లేచును. ఇట్లు పడకపోవుటనే ఎలర్జీ యందురు. రాచపుండు, అనగా క్యాన్సరు, దీనికి భిన్నమైన వ్యాధి. అయినను ఈ రెండింటికిని ఒకే మార్గమున టీకాలు కనుగొనుటకు శాస్త్రజ్ఞులు యత్నించుచున్నారు. ఆ మార్గమును పంచాయతీ సభ్యుల కిచట వివరించుచున్నాము.

మన దేహములో పరపదార్థము ప్రవేశించినపుడు దానిని పట్టుటకు ప్రతిరక్షకములు తయారగును. పరపదార్థము తాళపుచెవి యైనచో, ప్రతిరక్షకము దానికి సరిపోవు తాళముకప్ప వంటిది. 1796లో ఇంగ్లండు వైద్యుడు ఎడ్వర్డ్ జెన్నర్ ఒక బాలునికి గోమశూచి రసి నెక్కించి మశూచినుండి రక్షణ కల్పించెను. ఆ రెండును ఒకదాని నొకటి పోలియుండుటయే అందలి రహస్యము. 1980లో మశూచి లోకమునుండి తొలగినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది.

ఎలర్జీ గలవారి దేహము హానిలేని పుప్పొడిని సైతము శత్రువుగా నెంచి ఐజిఇ అను ప్రతిరక్షకమును తయారుచేయును. పుప్పొడి వచ్చి రెండేసి ఐజిఇలను కలిపినంతనే దురద, తుమ్ములు, ఆయాసము కలుగును. 1911లో లెనార్డ్ నూన్ పుప్పొడి సారమునే కొద్దికొద్దిగా సూదిమందుగా ఇచ్చు చికిత్సను ప్రకటించెను. అది నేటికిని వాడుకలో నున్నది. కాని ఒక్కొక్కప్పుడు ఆ సారమే ప్రమాదము తెచ్చును. క్యాన్సరులో చిక్కు వేరు. ఆ కణములు మన స్వంత కణములనుండియే పుట్టినవగుటచే దేహము వానిని శత్రువులుగా సులభముగా గుర్తింపదు.

మాంసకృత్తి పూసల దండ వంటిది. కొద్ది పూసల తునకయే పెప్టైడు. 1985లో అమెరికా శాస్త్రజ్ఞుడు జార్జి స్మిత్, బాక్టీరియాకు సోకు వైరసు పైతొడుగుపై కోరిన పెప్టైడును నిలుపవచ్చునని చూపెను. ఇందులకు 2018లో ఆయనకు నోబెలు బహుమతిలో భాగము లభించినది. ఈ పద్ధతిచే కోట్లకొలది పెప్టైడులలో ఒక తాళముకప్పకు ఇమిడెడి దానిని ఏరవచ్చును. దాని పూసల వరుస అసలు తాళపుచెవి వరుస కాకపోయినను కప్పలో ఇముడును. దీనిని మిమోటోపు అందురు. దీనిని టీకాగా ఇచ్చినచో దేహము తాళముకప్పలు చేయును. అవి అసలు శత్రువును గూడ పట్టునని ఆశ.

ఒంటి తునక రెండు ఐజిఇలను కలుపజాలదు గావున ఎలర్జీ రోగికి ప్రమాదము తక్కువ. స్తన క్యాన్సరుకు ట్రాస్టుజుమాబ్ అను ప్రతిరక్షకము 1998నుండి మందుగా వాడుకలో నున్నది. వియన్నా శాస్త్రజ్ఞులు దానికి ఇమిడెడి పెప్టైడులను ఏరి, అట్టి ప్రతిరక్షకమును దేహమే చేసికొనునా యని పరీక్షించిరి.

అయితే చిన్న తునక ఒంటిగా దేహమును మేల్కొల్పలేదు. దానిని పెద్ద మాంసకృత్తికి జతపరుపవలెను. కప్పలో ఇమిడిన ప్రతి తునకయు మంచి టీకా కాజాలదు. ఇవి యింకను పరిశోధన దశలోనే యున్నవి. కావున ఇట్టి టీకా యున్నదని చెప్పి ధనము గుంజువారిని గ్రామమున నమ్మనీయరాదు.

నేడు చేయదగినవి వేరే కలవు. హెపటైటిస్-బి టీకా కాలేయ క్యాన్సరునుండియు, 2006లో వాడుకకు వచ్చిన హెచ్.పి.వి. టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సరునుండియు చాలవరకు కాపాడును. శిశువు పుట్టగానే మొదటి టీకా వేయించునట్లు తల్లిదండ్రులకు బోధింపుడు. స్తనములో గడ్డ కనబడిన స్త్రీని సిగ్గుపడనీయక వెంటనే ఆసుపత్రికి పంపుడు. వయ్యారిభామను పూతకు రాకముందే, చేతులకు తొడుగులు ధరించి పెరికింపుడు. రేపటి టీకాకై ఎదురుచూచుచు నేటి రక్షణను విడువరాదు.