నవ్వు కొనేముందు...

లాడ్‌బజారులో గాజులు కొన్నారు. పత్తర్‌గట్టిలో పెళ్లి బట్టలూ అయిపోయాయి. ముహూర్తానికి ఇంకా ఇరవై రోజులుంది. అప్పుడు గుర్తొస్తాయి, పసుపు పచ్చగా ఉన్న పళ్లు! ఫొటోల్లో నోరు మూసుకుని నవ్వాలా అన్న బెంగతో డెంటిస్టు దగ్గరికి పరుగు. 'పెళ్లికల్లా తెల్లగా చేసెయ్యండి డాక్టర్‌గారూ' అని అడుగుతారు. ఎలా చేస్తారు, దానికోసం పంటికి ఏం జరుగుతుంది అన్నది మాత్రం అడగరు.

అడగాలి. 2024 ఫిబ్రవరిలో జూబ్లీహిల్స్‌లోని ఒక క్లినిక్‌కి చిరునవ్వును తీర్చిదిద్దించుకోవడానికి వెళ్లిన ఓ యువకుడు ప్రాణాలే పోగొట్టుకున్నాడు. అతనికి అప్పటికే పెళ్లి నిశ్చయమైంది. మత్తుమందు ఎక్కువైందని తండ్రి ఆరోపించారు, పోలీసులు కేసు నమోదు చేశారు. అలాంటివి చాలా అరుదు. తరచుగా జరిగే నష్టం వేరు. శుభ్రం చేస్తే సరిపోయే పళ్లను అరగదీయించుకోవడం!

నయాపూల్ దాటగానే అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రి పక్కన, 1959లో మొదలైన ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. అక్కడికైనా, వీధి చివరి క్లినిక్‌కైనా వెళ్లినప్పుడు మొదట తేలాల్సింది ఒకటే... పంటి రంగు పైన అంటుకున్నదా, లోపలి నుంచి వచ్చినదా?

ఇరానీ చాయ్, సిగరెట్, జర్దా పాన్, గుట్కా... వీటి మరక పంటి పైనే ఉంటుంది. దానికి తోడు గార. ఇవన్నీ క్లీనింగ్‌తో, పాలిషింగ్‌తో పోతాయి. చాలామందికి ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. కానీ 'క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయట' అని మన ఇళ్లలో ఓ భయం. నిజానికి గార వల్ల చిగురు అప్పటికే వదులై ఉంటుంది. ఆ గారే పళ్ల సందులను పూడ్చి గట్టిగా ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. తీసేశాక అసలు సంగతి బయటపడుతుంది, నింద మాత్రం డాక్టరు మీద! ఇక పాన్ మానకపోతే మరక మళ్లీ వస్తుంది, అది వేరే సంగతి.

లోపలి రంగు అంత తేలిగ్గా లొంగదు. నల్గొండ జిల్లా నుంచి వచ్చి నగరంలో స్థిరపడిన కుటుంబాలకు ఆ బాధ బాగా తెలుసు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. పంటి పైపొర, అంటే ఎనామెల్, తయారయ్యే వయసులో, సుమారు ఎనిమిదేళ్లలోపు, అంతకు మించిన నీళ్లు తాగితే పళ్ల మీద సుద్దముక్కలాంటి తెల్లమచ్చలు పడతాయి. తీవ్రమైతే గోధుమరంగు చారలు, గుంటలు. ఆ తర్వాత ఎంత మంచి నీళ్లు తాగినా చిన్నప్పటి గుర్తు చెరగదు. ఎంత తోమినా పోదు కూడా. పెళ్లిచూపుల్లో 'పళ్లు తోముకోదా?' అని ఆడపిల్లను చిన్నచూపు చూడటం ఎంత అన్యాయమో ఆలోచించండి.

తేలికపాటి మచ్చలకు ఆమ్లం కలిపిన ముద్దతో పైపొరను వెంట్రుకవాసిగా రుద్దే మైక్రోఅబ్రేషన్, దాంతోపాటు బ్లీచింగ్ పనికొస్తాయి. గుంటలు పడ్డ పళ్లకు మాత్రం పైన ఏదో ఒక పూత తప్పదు. వెనీర్‌కు అసలైన అవసరం ఇలాంటి చోటే.

బ్లీచింగ్‌లో మందు పెరాక్సైడ్. ఇంట్లో చేసుకునే పద్ధతి 1989లో వెలుగులోకి వచ్చింది. మన పళ్ల అచ్చుకు సరిపోయే పలచటి ట్రేలో పది శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ వేసి రాత్రిళ్లు పెట్టుకోవాలి. సుమారు రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో చల్లటి నీళ్లు తగిలితే పళ్లు జివ్వుమంటాయి, తర్వాత తగ్గిపోతుంది. చిన్నప్పుడు వాడిన టెట్రాసైక్లిన్ మందుల వల్ల వచ్చిన బూడిదరంగైతే నెలలు పట్టొచ్చు. ఒక మెలిక ఉంది... పాత ఫిల్లింగులు, క్యాపుల రంగు బ్లీచింగ్‌తో మారదు. పక్కపళ్లు తెల్లబడితే అవి ఇంకా ఎక్కువగా కనబడతాయి. ఇక నిమ్మరసం, వంటసోడా చిట్కాలా? పులుపు ఎనామెల్‌ను కరిగిస్తుంది. అది పలచబడితే లోపలున్న పసుపు పొరే బయటికి తొంగిచూస్తుంది.

అంచు విరిగినా, సందు ఉన్నా కాంపోజిట్ అనే పంటిరంగు పదార్థంతో ఒక్కపూటలో సరిచేయొచ్చు. చాలాసార్లు పన్ను అరగదీయాల్సిన పనుండదు. కొన్నేళ్లకు రంగు మారుతుంది, అంచు చిట్లుతుంది. మళ్లీ వేయించుకోవచ్చు.

సినిమావాళ్ల తళతళలు చూసి అందరూ అడిగేది పింగాణీ వెనీర్. 1920ల చివర్లో హాలీవుడ్ నటుల కోసం చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు తయారుచేసినవి షూటింగ్ కాగానే తీసేసేవి. ఇప్పటివి అలా కాదు. వాటికి చోటివ్వడానికి సాధారణంగా అర మిల్లీమీటరు దాకా ఎనామెల్ అరగదీస్తారు. ఎనామెల్ మళ్లీ పెరగదు. పాతికేళ్లకు వేయించుకుంటే జీవితంలో ఒకటి రెండుసార్లయినా మార్పించుకోవాల్సిందే. తీవ్రమైన ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లకు ఆ బేరం గిట్టుబాటే. చాయ్ మరకలకు మాత్రం కాదు.

వంకరపళ్లను 'రెండు సిట్టింగుల్లో' వెనీర్లతో సరిచేస్తామంటే ఇంకా జాగ్రత్తపడాలి. అక్కడ పన్ను కదలదు, అరుగుతుంది. క్లిప్పులైనా, కనబడని అలైనర్లైనా ఏడాది, రెండేళ్లు పట్టొచ్చు. కానీ సొంత పళ్లు సొంతంగానే ఉంటాయి.

ఒప్పుకునేముందు డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు చూడండి. అరగదీయకుండా పంటి మీద తాత్కాలికంగా కాంపోజిట్ పెట్టి ఎలా ఉంటుందో చూపించమనండి. మత్తు అవసరమైతే ఎవరిస్తారో, మీకున్న బీపీ, షుగర్, అలర్జీలు రాసుకున్నారో లేదో అడగండి.

ఇంతకీ పెళ్లికి ఇరవై రోజులే ఉందంటారా? చిగుళ్లు బాగుంటే క్లీనింగ్, బ్లీచింగ్ ఈలోపే అయిపోతాయి. ముందుపంటిలో పాత ఫిల్లింగ్ ఉంటే మాత్రం బ్లీచింగ్ తర్వాత రంగు కుదుటపడటానికి రెండు వారాలు ఆగి మార్పించుకోవాలి. అంటే, అది పెళ్లయ్యాకే!